బిల్లు రోడ్డును చూసి రాదు, ఎంబీని చూసి వస్తది

సీసీ రోడ్డు వేసిన ఏడాదికే కంకర తేలితే ఊర్లె అందరి నోట ఒక్కటే మాట: "కాంట్రాక్టర్ మింగిండు." మింగిండో లేదో తర్వాత సంగతి. కని ఆ కాంట్రాక్టర్ జాగల మీ ఊర్లె అందరికన్నా నిజాయితీ ఉన్న మనిషిని తెచ్చి కూసోబెట్టుండ్రి. రోడ్డు పెద్దగ మారదనే నేనంట. మంచిగ కట్టినోడు మునిగి, మందం తగ్గించినోడు బతికేటట్టు మన పనుల లెక్కలే రాసిపెట్టి ఉన్నయి. మనిషిని తిట్టుడు అల్కటి పని, పొద్దున చాయ్ హోటల్ కాడ అయిపోతది. లెక్క తెలుసుకునుడు జర కష్టం. ఇయ్యాల ఆ లెక్కే చూద్దాం.

ముందుగాల ఓ పని ఎట్ల పుడ్తదో తెల్వాలె. ఇంజనీర్లు ఎస్టిమేట్ వేస్తరు. సిమెంటుకు ఇంత, కంకరకు ఇంత, ఇసుకకు ఇంత, కూలికి ఇంత అని సర్కారు రేట్ల పట్టిక ఒకటి ఉంటది, ఎస్‌ఎస్‌ఆర్ అంటరు. ఆ రేట్ల మీద కాంట్రాక్టర్ పైఖర్చులకు, లాభానికి కలిపి 13, 14 శాతం కలుపుతరు. అంటే లాభం చాటుకు గుంజుకునేది కాదు, సర్కారే ఎస్టిమేట్‌ల రాసి ఇస్తది. ఇది చానమందికి తెల్వదు.

ఇగ టెండర్ కాడికి రాండ్రి. 10 లక్షల పని అనుకుందాం. 14 శాతం లెక్కన అండ్ల అసలు ఖర్చు దాదాపు 8 లక్షల 77 వేలు, మిగిలింది కాంట్రాక్టర్ వాటా. టెండర్‌ల ఎవలు తక్కువకు వేస్తే వాళ్లకే పని, దీన్నే ఎల్-1 అంటరు. ఒకాయన 20 శాతం ‘లెస్’ వేసి 8 లక్షలకు పట్టిండు. కాగితం మీద చూస్తే తట్ట ఎత్తకముందే 77 వేలు నష్టం. మరి ఆయన ధర్మానికి చేస్తాండా? లేదు గదా. ఎస్టిమేటన్న ముందుగాలనే ఉబ్బిచ్చి ఉండాలె. లేదంటే సొంత మిక్సర్, సొంత ట్రాక్టర్లు, సొంత క్రషర్ ఉండి నిజంగనే అగ్గువకు చెయ్యగలిగి ఉండాలె, అసొంటోళ్లు కూడ ఉంటరు. ఈ రెండూ కాకుంటే ఆ 77 వేలు రోడ్డులకెల్లే రావాలె. ఇంకో జాగ లేదు.

మరీ తక్కువకు వేసినోళ్ల దగ్గర అదనంగ డిపాజిట్ పట్టే నిబంధన ఉంది. కేంద్ర ఆర్థిక శాఖ 2021ల ఒక ఉత్తర్వు ఇచ్చింది. నాణ్యత ముఖ్యమైన పనులల్ల ధర ఒక్కటే కాకుండ సాంకేతిక సత్తాకు కూడ కొన్ని మార్కులు ఇయ్యొచ్చు, 30 శాతం దాటొద్దు అని. మంచిదే. కని అది పెద్ద పెద్ద పనుల ముచ్చట. మన గల్లీల పడే 200 మీటర్ల రోడ్డుకు ఇంకా ఎల్-1 రాజ్యమే.

పని అయినంక బిల్లు ఎట్ల వస్తది? ఏఈ వచ్చి కొలతలు తీసి ఎంబీల, అంటే మెజర్‌మెంట్ బుక్‌ల ఎక్కిస్తడు. పైన డీఈ ఒకసారి సరిచూసి సంతకం పెడ్తడు. పొడవు, వెడల్పు, మందం గుణిస్తే ఘనపు మీటర్లు, దాన్ని రేటుతోటి గుణిస్తే బిల్లు. సర్కారు పైసలిచ్చేది పుస్తకంల రాసిన ఆ మూడు అంకెలకు. పొడవును ఎవలైనా టేపు పట్టి చూస్తరు. వెడల్పు చిన్నపోరడైనా కొలుస్తడు. మందం ఒక్కటే, కాంక్రీటు పడ్డంక ఎవలికీ కండ్లవడదు. అందుకే కోత ఎప్పుడు పడ్డా ముందుగాల మందం మీదనే పడ్తది.

100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం, అంటే ఆరు అంగుళాలు. మొత్తం 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. అదే రోడ్డును 10 సెంటీమీటర్లు, అంటే నాలుగు అంగుళాలు వేస్తే 30 ఘనపు మీటర్లే. మూడో వంతు కాంక్రీటు మిగిలింది, ఎంబీల మాత్రం 45 ఎక్కుతది. మరి అంచు కాడ చూస్తే ఆరు అంగుళాలు కనవడ్తది గదా అంటరు. అక్కడే ఉంది కిటుకు. అంచుల పొంటి మట్టి లోతుగ తీస్తరు, నడుమ మొరం ఎత్తు ఉంచుతరు. పక్కకెల్లి చూస్తే రోడ్డు బలిష్టంగ ఉంటది, బండి పోయే నడుమ మాత్రం పల్చగ ఉంటది. మీ ఊర్లె పగిలిన రోడ్డుంటే పోయి చూడుండ్రి, అంచు మంచిగనే ఉండి నడుమ పగిలిందా అని.

ఇండ్ల ఇంకో సంగతుంది. మందం మూడో వంతు తగ్గితే బలం మూడో వంతే తగ్గుతది అనుకుంటం. అట్ల కాదు. కాంక్రీటు పలక బరువు మోసే శక్తి సుమారుగ మందం వర్గాన్ని బట్టి ఉంటది. మందం సగమైతే బలం పావుకు పడిపోతది. ఆరు అంగుళాలకు నూరు మోస్తదనుకుంటే నాలుగు అంగుళాలకు 44 మోస్తది. గడ్డి ట్రాక్టర్ పోతె ఏం గాదు, వరికోత మిషన్ ఒక్క తాప ఎక్కంగనే చిట్లుతది. కాంట్రాక్టర్ మిగిలిచ్చుకున్నది మూడో వంతు, ఊరు పోగొట్టుకున్నది సగానికంటే ఎక్కువ. ఆ రెండింటి నడుమ తేడా ఎవలి జేబులకూ పోలే, ఉత్తగ మట్టిల కలిసింది.

ఇగ క్యూరింగ్. కాంక్రీటు పడ్డంక కనీసం రెండు వారాలన్న తడి ఆరకుండ ఉంచాలె. మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలపాలె, లేదంటే గడ్డి పరిచి తడుపుతుండాలె. దానికి ట్యాంకర్ కావాలె, మనిషి కావాలె. ఆ ఖర్చు కాంక్రీటు రేటులనే కలిసి ఉంటది, బిల్లుల దానికని వేరే వరుస ఉండదు. తడిపినా అదే బిల్లు, తడపకపోయినా అదే బిల్లు. ఎండకాలంల రెండు దినాలు నీళ్లు కొట్టి పోయినోన్ని ఎవలు అడుగుతరు? కలిపేటప్పుడు నీళ్లు ఎక్కువ పోసుడు కూడ గిసొంటిదే. పల్చగ ఉంటే జల్ది పారుతది, కూలీలకు అల్క, మేస్త్రీకి పని జల్ది అయితది. కాంక్రీటు మాత్రం కచ్చితంగ బలం తప్పుతది. పరీక్ష ఉంది గదా, క్యూబులు పోసి 7 దినాలకు, 28 దినాలకు మిషన్ల పెట్టి పలగ్గొడ్తరు గదా అంటే, ఆ క్యూబులకు సిమెంటు వేరే కలుపుతరని మేస్త్రీలే నవ్వుకుంట చెప్తరు. పరీక్ష పాసయ్యేది క్యూబు, మనం నడిచేది రోడ్డు మీద.

ఇంతవరకు విన్నోళ్లు "అంటే దొంగలే గదా" అనొచ్చు. ఆగుండ్రి, అసలు ముడి ఇక్కడుంది.

5 లక్షల పని ఒకటి పక్కా నిజాయితీగ చేసినోన్ని తీసుకుందాం. 14 శాతం లెక్కన అండ్ల ఆయన లాభం, పైఖర్చులు కలిపి దాదాపు 61 వేలు. చేతి పెట్టుబడి 4 లక్షల 39 వేలు. ఊర్లల్ల చిన్న కాంట్రాక్టర్‌కు బ్యాంకు అప్పు యాడ దొరుకుతది? నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తడు. నెలకు 8,780 రూపాయల మిత్తి. 61 వేలను దానితోటి భాగించి చూడుండ్రి. సరిగ్గ ఏడో నెలకు లాభం మొత్తం మిత్తికే పోతది. ఎనిమిదో నెల సంది చేతికెల్లి కట్టాలె. ఏడాదిన్నరకు బిల్లు వస్తే మిత్తే లక్షా 58 వేలు, అంటే ఒక్క సిమెంటు బస్తా తక్కువ వెయ్యకుండ పని చేసినందుకు దాదాపు 97 వేలు మునిగిండు.

ఇప్పుడు చెప్పుండ్రి, మీ ఊర్లె ఏడు నెలలల్ల బిల్లు వచ్చిన పనులు ఎన్ని?

మన రాష్ట్రంల 2022 మార్చి 8 నాడు వనపర్తిల ‘మన ఊరు-మన బడి’ మొదలువెట్టిండ్రు. మూడు విడతలల్ల 26 వేల బడులు, 7,289 కోట్లు అన్నరు. బడుల పనులు చేసినోళ్లు బిల్లుల కోసం ఎన్ని తాపలు తిరిగిండ్రో పేపర్లల్ల చూసినం, కొన్ని కాడల చేసిన గదులకే తాళాలు వేసుకున్నరు. 2024 ఫిబ్రవరి మొదట్ల పదవి దిగిపోయిన సర్పంచులు పెండింగ్ బిల్లుల కోసం రోడ్డెక్కిండ్రు. పెండ్లాం పుస్తెలు కుదువబెట్టి పనులు చేసినం అన్నోళ్ల మాటల్ల అబద్ధం లేదు. అప్పులు తీర్చలేక పానం తీసుకున్నోళ్లు కూడ ఉన్నరు. ఆంధ్రల గూడ 2019ల ప్రభుత్వం మారంగనే పాత ఉపాధి పనుల బిల్లులు ఆగినయి, ఆ పంచాయితీ హైకోర్టు దాంక పోయింది. ఏ రంగు జెండా ఉన్నా ఈ సంగతిల తేడా లేదు.

బిల్లు ఆలస్యమైతే కాంట్రాక్టర్‌కు కష్టం, మనకేంది అనుకునేరు. బిల్లు ఎప్పుడొస్తదో తెల్వదు అన్నది కాంట్రాక్టర్‌కు ముందే తెలుసు. తెలిసినంక ఏం చేస్తడు? ఆ రాబోయే మిత్తిని పని మొదలైన దినమే రోడ్డులకెల్లి తీసుకుంటడు. సర్కారు తెచ్చుకున్న అప్పుకు మిత్తి మన సిమెంటు రూపంల కడ్తాన్నం. ఏడాదిన్నర మిత్తిని మందంల కోసుకున్నోడు రేపు ఇంకో పని పడ్తడు. కోసుకోనోడు మునిగి హైదరాబాద్‌ల వాచ్‌మన్ పనికి పోతడు. ఇట్ల పదేండ్లు నడిచినంక మార్కెట్ల మిగిలేది ఎవలు? మంచోళ్లు లేరని మనం అంటం. ఉన్నరు, వాళ్లను మనమే వెళ్లగొట్టినం.

ఇంకో మాట. బిల్లులు వరుస ప్రకారం వస్తే, ముందు చేసినోనికి ముందు వస్తే, అదో రకం. కని ఎవలి ఫైలు ముందుకు కదుల్తదో పలుకుబడి చెప్తది. అసొంటప్పుడు కాంట్రాక్టర్ దగ్గర ఉన్న ఆఖరి లక్ష రూపాయలు సిమెంటు మీద పెడ్తడా, ఫైలు కదిలిచ్చేటందుకు పెడ్తడా? సిమెంటు మీద పెడ్తే పైస ఎక్కువ రాదు. ఫైలు మీద పెడ్తే ఆరు నెలల మిత్తి మిగులుతది. పర్సంటేజీలు పుట్టేది గిట్లనే. కర్ణాటకల కాంట్రాక్టర్ల సంఘమే 2021ల ప్రధానమంత్రికి లేఖ రాసింది, 40 శాతం దాంక కమీషన్లు అడుగుతున్నరని. ఆరోపణే అనుకుందాం. కని ఆ లేఖ రాసింది ప్రతిపక్షం కాదు, పైసలు ఇచ్చుకునేటోళ్లు.

నామినేషన్ పనుల ముచ్చట కూడ ఒక్క ముక్క. టెండర్ లేకుండ ఇచ్చేటందుకు ఒక పరిమితి ఉంటది, మన దగ్గర 5 లక్షల మాట శాన ఏండ్ల సంది నడుస్తాంది. మీ ఊరి శిలాఫలకాలు చదువుండ్రి. ఒక్క వాడకట్టుకే 5 లక్షలు, 5 లక్షలు, 5 లక్షలు. రోడ్డును ముక్కలు చేసింది ఇంజనీరింగ్ అవసరానికి కాదని చదువురానోళ్లకు కూడ ఎరుకే. ఇదే కాదు, 2005 ఉపాధి హామీ చట్టం కాంట్రాక్టరే వద్దన్నది. కని మెటీరియల్ వాటా కింద సీసీ రోడ్లు పడ్డయి. కాగితం మీద పంచాయతీ చేసింది. నిజంగ ఎవలు చేసిండ్రో ఊరందరికీ ఎరుక.

ఈ నామినేషన్ పనులు ఇయ్యాల ఎవలు చేస్తున్నరు? చాన కాడల మన తమ్ముళ్లే. డిగ్రీ చదివి, కొలువు రాక, లీడర్ ఎన్క తిరిగితే "ఒక పని ఇస్త తియ్" అంటరు. పెద్ద పార్టీ పేరు మీద అగ్రిమెంట్, సబ్ కాంట్రాక్ట్ మన తమ్మునికి. పేరున్నోడు కూసున్న కాడనే తన శాతం తీసుకుంటడు. మిగిలిన దాంట్ల తమ్ముడు రోడ్డు వెయ్యాలె, లీడర్‌ను చూసుకోవాలె, మిత్తి కట్టాలె. రోడ్డు పగిలితే తిట్లు పడేది తమ్మునికే, బిల్లు ఆగితే ఎకరం అమ్ముకునేది వాళ్ల నాయిననే. పని ఇప్పిస్తనంటే ఎగిరి గంతెయ్యకుండ్రి. పైన రాసిన ఏడు నెలల లెక్క ఒక్కసారి కాగితం మీద వేసుకోండ్రి.

పెద్ద పనులల్ల కూడ కథ ఇదే, సున్నాలు ఎక్కువ. పెద్దపల్లి జిల్లా ఓడేడు కాడ మానేరు మీద బ్రిడ్జి 2016ల మొదలువెట్టిండ్రు. ఎనిమిదేండ్లయినా కాలే. బిల్లులు రాక కాంట్రాక్టర్ నడుమల వదిలిపెట్టిండని వార్తలొచ్చినయి. 2024 ఏప్రిల్ 22 రాత్రి గాలిదుమారానికి గడ్డర్లు కిందవడ్డయి. దేశమంతా నవ్వింది, గాలికి బ్రిడ్జి కూలుడేందని. సగంల ఆగిన పనికి ఎవలూ మాలకు కారు. కట్టినోనికి పైసలు రాలే, కట్టిచ్చినోనికి పట్టింపు లేదు, ఎండకు వానకు అట్లనే నిలబడ్డది.

మేడిగడ్డ సంగతి మీకు తెలుసు. 2019 జూన్ 21 నాడు కాళేశ్వరం ప్రారంభం, 2023 అక్టోబర్ 21 నాడు ఏడో బ్లాక్‌ల పిల్లర్లు కుంగినయి. నడుమ నాలుగేండ్ల నాలుగు నెలలు. జాతీయ డ్యామ్ సేఫ్టీ అథారిటీ వచ్చి చూసి ప్లానింగ్, డిజైన్, క్వాలిటీ కంట్రోల్, నిర్వహణ అన్నిట్ల లోపాలున్నయని చెప్పింది. అంటే ఒక్క కాంట్రాక్టర్ మీద తోసి చేతులు కడుక్కునేది లేదు. నేను చెప్పదలుసుకున్నది ఆ తర్వాతి పంచాయితీ గురించి. రిపేర్ ఖర్చు ఎవలిది? పని పూర్తయిందని సర్టిఫికెట్ ఇచ్చిండ్రు, లోపాల బాధ్యత గడువు అయిపోయింది అని కంపెనీ. ఆ సర్టిఫికెటే తప్పు అని సర్కారు. లక్ష కోట్ల ప్రాజెక్టుల చివరికి కొట్లాట ఒక కాగితం మీద తేదీ దగ్గర తేలింది. మన ఊరి రోడ్డుకు ఎంబీ ఎంతనో, బ్యారేజీకి ఆ సర్టిఫికెట్ అంత. సంతకం పడ్డంక కట్టినోనికి కట్టడంతోటి సంబంధం తెగిపోతది.

మరి ఆ సంబంధం తెగకుండ చేస్తే? చేసి చూసిండ్రు. 2000 డిసెంబర్‌ల మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనల రోడ్డు వేసిన కాంట్రాక్టరే 5 ఏండ్లు దాన్ని మంచిగ ఉంచాలె అని అగ్రిమెంట్‌లనే రాస్తరు. రోడ్డు పక్కన నీలం బోర్డు మీద గడువు తేదీ కూడ రాసి ఉంటది. మీ ఊరికొచ్చే తారు రోడ్డుకు ఆ బోర్డు ఉంటే ఆ తేదీ చూడుండ్రి. గడువు లోపల గుంత పడితే పూడ్చేది సర్కారు పైసలతోటి కాదు. హైవేలకు 2016 సంది హ్యామ్ అనే పద్ధతి ఉంది. కట్టేటప్పుడు 40 శాతమే ఇస్తరు, మిగిలిన 60 శాతం 15 ఏండ్ల పొడవునా వాయిదాలల్ల. రోడ్డు ఖరాబైతే బాగుచేసుకునేది ఆ కంపెనీనే గనుక సిమెంటు మీద రూపాయి మిగిలిస్తే రేపు రిపేర్‌కు నాలుగు పెట్టాలె అని దానికే భయం ఉంటది. మన రాష్ట్రంల కూడ ఇప్పుడు హ్యామ్ రోడ్ల మాట నడుస్తాంది. అండ్ల కూడ వాయిదాలు టైంకు కట్టకుంటే ఆ మిత్తి మళ్లా మన నెత్తిమీదికే వస్తది, అది యాదుంచుకోవాలె.

ఊరి పనులకు గూడ డిపాజిట్ ఉంది. సాధారణంగ ఈఎండీ 2.5 శాతం, బిల్లులల్లకెల్లి ఇంకో 7.5 శాతం పట్టి, గడువు అయినంక ఇడుస్తరు. మంచి ఆయుధమే. కని ఆ గడువు లోపల ఊరు నుంచి ఒక్క రాతపూర్వక ఫిర్యాదు లేకపోతే ఆఫీసుల ఏం రాస్తరు? లోపాలేం లేవు, పైసలు ఇడువుండ్రి అని రాస్తరు. మనం హోటల్ కాడ తిట్టిన తిట్లు ఫైలుకు ఎక్కవు. ఫోన్ల ఫోటో తీసి, తేదీ వేసి, దరఖాస్తు రాసి, నకలు మీద రిసీవ్డ్ స్టాంపు కొట్టిచ్చుకుంటే అది ఎక్కుతది.

రాజస్థాన్‌ల 1994ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు ఊరి నడుమ టెంటు వేసి పనుల బిల్లులు, మస్టర్లు చదివి వినిపిచ్చిండ్రు. కాగితంల ఉన్న పనులు ఊర్లె ఉన్నయా అని జనాన్నే అడిగిండ్రు. సమాచార హక్కు చట్టానికి బాట పడ్డది అసొంటి సభలకెల్లే. అందుకే 2005ల వచ్చిన ఆ చట్టంల సెక్షన్ 2(జె) చదువుండ్రి. సమాచార హక్కు అంటే కాగితం నకలు తీసుకునుడు ఒక్కటే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేసుడు, మెటీరియల్ శాంపిల్ తీసుకునుడు కూడ మన హక్కే అని అండ్ల రాసి ఉంది. దరఖాస్తుకు గ్రామ స్థాయిల ఫీజు లేదు, మండల స్థాయిల 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకు 30 దినాల గడువు.

అందుకే అడిగేది పని మొదలు కాకముందే అడగాలె. ఎస్టిమేట్ నకలు, అగ్రిమెంట్ నకలు, కాంక్రీటు ఏ గ్రేడు, మందం ఎంత. కాంక్రీటు పోసే నాటికి ఆ కాగితం మీ చేతుల ఉండాలె. పోసే దినం పొద్దుగాల ఇద్దరు ముగ్గురు టేపు పట్టుకోని పోయి అడ్డంగ దారం కట్టుండ్రి, ఇటు అంచుకెల్లి అటు అంచుకు. నడుమల దారం కాడికెల్లి మొరం దాంక కొలవుండ్రి, ఫోటో తియ్యుండ్రి. కొట్లాట అవసరం లేదు, ఊకే కొలిస్తే సాలు. కూలీలను ఏమనకుండ్రి, వాళ్లు దినం కైకిలికి వచ్చినోళ్లు. ఇగ ఇప్పటికే పోసిన రోడ్డయితే క్వాలిటీ కంట్రోల్ వాళ్లను కోర్ కటింగ్ అడుగుతూ దరఖాస్తు పెట్టుండ్రి. మిషన్‌తోటి గుండ్రంగ ముక్క కోసి తీస్తరు, ఆ ముక్కను స్కేలు పెట్టి కొలిస్తే మందం ఎంతనో అక్కడనే తేలిపోతది. వాళ్లు వచ్చిన్నాడు మీరు అక్కడ ఉండాలె. అంచు పొంటి తియ్యబోతే వద్దని, రోడ్డు నడుమ తియ్యమని అడుగుండ్రి.